అమ్మ కొవ్వొత్తి పెట్టని సమాధి

"ఎప్పుడైనా రా. సమాధుల పండక్కి మాత్రం రావద్దు" అన్నాడు తమ్ముడు ఫోనులో.

రావద్దన్నందుకు నేను ఆశ్చర్యపోలేదు. రమ్మన్నందుకే ఆశ్చర్యపోయాను. ఇన్నేళ్ళలో వాడి నోటి నుంచి 'రా' అన్న మాట వినడం అదే మొదలు. ఫోను పెట్టేశాక వంటింటి గోడకు ఆనుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ రెండో మాట ఎందుకన్నాడో అడగాలని కూడా తోచలేదు. పండక్కి చుట్టాలందరూ సమాధుల దగ్గరికి వస్తారు, నన్ను చూసి నాలుగు మాటలంటారు, అందుకని అనుంటాడు అనుకున్నాను.

నేనుండేది ఇంగ్లండు తూర్పు తీరాన, ఏడాది పొడవునా సముద్రపు గాలి కిటికీలు బాదే ఒక చిన్న ఊళ్ళో. బొంబాయిలో బట్టలు కుట్టుకుని బతుకుతున్న నన్ను ఒక తెలుగు డాక్టరమ్మగారు తన పిల్లల్ని చూసుకోడానికి వెంటబెట్టుకుని తీసుకొచ్చారు. మగపిల్లవాడిగా పుట్టాననీ, ఆడదానిలా బతకాలనుకుంటున్నాననీ తెలిసే తెచ్చుకున్నారు. "నీకు వంట వచ్చు, ప్రార్థన వచ్చు, పిల్లలు నీ దగ్గర ఏడవరు. నాకింకేం కావాలి?" అన్నారు. ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడ పేరు తలుచుకోకుండా నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకోను.

ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఒక వృద్ధాశ్రమంలో బట్టలు ఉతికే గదిలో పని దొరికింది. ఆ ఉద్యోగంలో ఉండగానే అక్కడి ఆసుపత్రి వాళ్ళ దయవల్ల నా శరీరం నాకు సర్దుకుంది. పాస్‌పోర్టు మీద నాకు నేను పెట్టుకున్న పేరు వచ్చింది. ఆశ్రమంలో ముసలివాళ్ళ బట్టలన్నీ కలిపే ఉతుకుతారు. అందుకని ప్రతి చొక్కాకీ, ప్రతి గౌనుకీ మెడ వెనక పేరున్న గుడ్డపట్టీ కుట్టాలి. ఆ మనిషి పోయాక, తీసుకెళ్ళడానికి ఎవరూ రాకపోతే, పట్టీ విప్పేసి బట్టలు ధర్మానికి ఇచ్చేస్తారు. కుట్టేదీ నేనే, విప్పేదీ నేనే. పేరు విప్పాక మెడ దగ్గర చిన్నచిన్న సూది బెజ్జాలు మాత్రం మిగులుతాయి. వాటిని వేలితో రుద్ది మూసేదాన్ని.

రిటైరైన రోజు కేకు కోశారు, పూలకుండీ ఇచ్చారు, మంచి మాటలు చెప్పారు. అందరికీ పేరుపేరునా థ్యాంక్స్ చెప్పి ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున లేస్తే వెళ్ళడానికి ఎక్కడా లేదు. అప్పుడు పట్టుకుంది ఇంటి మీద బెంగ. అంతకుముందు లేదని కాదు. పని ఉన్నన్నాళ్ళు అది ఒక మూల కూర్చుని ఉండేది, ఇప్పుడు వచ్చి మంచం మీద కూర్చుంది. ఏలూరు కాలవకి నీళ్ళు వదిలిన రోజు లేచే బురద వాసన గుర్తొచ్చేది. మా చర్చి గుళ్ళో ఈతాకు చాపలు గీరుకుని పాదాల మీద పడే గళ్ళు గుర్తొచ్చేవి. నన్ను తెలుగులో తిట్టగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కరూ లేరే అని ఏడుపొచ్చేది. ఇక్కడివాళ్ళు మంచివాళ్ళు. కానీ నేను పోతే నా మెడ వెనక పట్టీ విప్పేది కూడా వీళ్ళే.

అందుకే తమ్ముడికి ఫోను చేశాను. అడగాలనుకున్నది ఒక్కటే. అమ్మ పక్కన నాకు చోటు ఇస్తావా అని. బతికుండగా ఆ ఊళ్ళో ఉండనిచ్చినా ఇవ్వకపోయినా, చివరికి ఆ మట్టిలో, అమ్మ పక్కన. ఫోనులో అడగడానికి నోరు రాలేదు. "ఒకసారి వస్తాను" అని మాత్రం అన్నాను.

అమ్మ దగ్గరే నా చదువంతా. గుణదలలో కొండ వాలు మీద మా ఇల్లు. నాన్న గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో లెక్కలు చూసేవాడు. అమ్మ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే పని చేసేది. ఐదో తరగతిలో బడిపిల్లలు నన్ను "ఆడంగీ" అని తరిమి కాలవ గట్టు మీద నుంచి తోశారు. తడిసి ఇంటికొచ్చిన నన్ను చూసి అమ్మ తల తుడిచింది. "రేపట్నుంచి బడి ఇక్కడే" అని పీట వాల్చింది. కూరలు తరుగుతూ ఎక్కాలు చెప్పింది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ వాక్యం చదివించింది. కుట్టు నేర్పింది. సున్నం వేయడం కూడా అమ్మే నేర్పింది. క్రిస్మస్‌కి ఇంటికీ, సమాధుల పండక్కి తాతయ్య సమాధికీ మేమిద్దరమే సున్నం వేసేవాళ్ళం. ఆరిన సున్నం చేతికి అంటకుండా ఉండాలంటే అందులో చిక్కటి గంజి కలపాలి, తెల్లగా మెరవాలంటే చిటికెడు నీలిమందు వేయాలి. "బతికున్నోళ్ళ ఇల్లు మాసినా ఫరవాలేదు, పోయినోళ్ళ ఇల్లు మాయకూడదు" అనేది.

నేను ఆడపిల్లనేనని అమ్మకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మా గుళ్ళో మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు చాపల మీద కూర్చునేవాళ్ళు. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను. కాస్త ఎదిగాక నాన్న చెయ్యి పట్టుకుని మగవాళ్ళ వైపు లాక్కొచ్చాడు. ఇరవై దాటాక ఒక ఆదివారం, ఎందుకో నాకే తెలియదు, కాళ్ళు వాటంతటవే నడిచాయి. వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని, తుండుగుడ్డ తల మీద కప్పుకున్నాను. పాట ఆగిపోయింది. గుళ్ళో చాపలు పరిచే పెద్దమ్మ వెనక నుంచి నా వీపు మీద గిచ్చి, "లేచి అటు పోరా, పరువు తీయకు" అంది. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి, తీయలేదు.

ఇంటికొచ్చాక నాన్న కొట్టలేదు, అరవలేదు. "ఈ గడప దాటు. దాటాక నాకు నువ్వు లేవు" అన్నాడు. కోపంలో అన్న మాట అనుకున్నాను. అలాంటి మాటలు ఏ తండ్రైనా అంటాడు కదా.

గడప దాటి నేను బొంబాయి చేరాక అమ్మ నెలకోసారి గుడి నుంచి వస్తూ రోడ్డు మీది ఎస్‌టీడీ బూత్‌లో కూర్చునేది, నేను అక్కడికి ఫోను చేసేదాన్ని. ఇంగ్లండు వెళ్ళాక కూడా అంతే. సముద్రం ముందు చీర కట్టుకుని తీయించుకున్న ఫొటో ఒకటి బూత్ ఆయన పేరు మీద పంపించాను. ఆ తర్వాతి నెల ఫోను ఎత్తగానే, "ఏమే, తిన్నావా?" అంది అమ్మ. నేను రిసీవరు పట్టుకుని నిలబడిపోయాను. "ఏమే, వినపడుతుందా? డబ్బులు పోతాయి, మాట్లాడవే" అని కసిరింది. ఆ తర్వాత నాన్న పోయాడు. ఆ తర్వాత అమ్మ. అమ్మ పోయిన సంగతి తమ్ముడు నాకు ఆలస్యంగా చెప్పాడు. కనీసం చెప్పాడు కదా అనుకున్నాను.

ఇక వాడు వద్దన్న పండక్కే ఎందుకు వెళ్ళానంటే, అమ్మ సమాధికి నా చేత్తో సున్నం వేయాలని. అది వేయాల్సిన రోజు అదే కదా. చుట్టాలు సాయంత్రం కొవ్వొత్తులు పెట్టే వేళకి వస్తారు, నేను పొద్దున్నే వెళ్ళి పని ముగించుకుని ఎవరి కంటా పడకుండా వచ్చేస్తాను అనుకున్నాను. వచ్చి గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో దిగాను. ఇంట్లో కొడుకు, కోడలు, వాళ్ళ పిల్లలు ఉన్నారు, లాడ్జిలో అయితే బాగుంటుందని తమ్ముడు ముందే అన్నాడు. ఫరవాలేదు. నాన్న పనిచేసిన వీధే. సున్నం ప్యాకెట్టు, బ్రష్షు, నీలిమందు, ప్లాస్టిక్ బకెట్టు కొన్నాను. కింద మెస్సులో గంజి అడిగాను.

"గంజి ఎందుకండీ? ఒంట్లో బాలేదా?" అన్నాడు మెస్సాయన.

"సమాధికండీ."

ఆయన ఒకసారి నన్నూ, ఒకసారి బకెట్టునీ చూసి, సీసా నిండా పోసిచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

సమాధుల తోటలో అప్పటికే జనం ఉన్నారు. గడ్డి పీకేవాళ్ళు, రాళ్ళు కడిగేవాళ్ళు, బంతిపూల బుట్టలతో అమ్మేవాళ్ళు. మా వాళ్ళ చోటు గోడ పక్కన, వేపచెట్టు దగ్గర. తాతయ్యది కనిపించింది. నాన్నది కనిపించింది. అమ్మది కనిపించగానే చెప్పులు విడిచి మోకాళ్ళ మీద కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. అమ్మతో చెప్పాల్సినవన్నీ చెప్పాక బకెట్టులో సున్నం కలిపి, గంజి పోసి, నీలిమందు వేసి మొదలుపెట్టాను.

అమ్మ సమాధి అవతలి పక్కకి తిరిగితే ఇంకోటి ఉంది. చిన్నది. ఎవరో పిల్లవాడిదేమో, మా వంశంలో నాకు తెలియని బిడ్డ ఎవరైనా పోయాడేమో అనుకుని, ఆ బిడ్డకి కూడా సున్నం వేద్దామని రాయి మీది దుమ్ము కొంగుతో తుడిచాను.

నా పేరు ఉంది.

నేను వదిలేసిన పేరు. ఇంటిపేరుతో సహా. దాని కింద నా పుట్టినరోజు. దాని కింద, నేను గడప దాటిన ఏడాది. దాని కింద 'ప్రభువునందు నిద్రించెను' అని. అక్షరాలకు ఎవరో శ్రద్ధగా నల్లరంగు దిద్దారు. పోయినేడు దిద్దిందే అనుకుంటాను, ఇంకా పెచ్చులూడలేదు.

నా నోట్లోంచి "స్తోత్రం" అని వచ్చింది. అలవాటు. ఏది జరిగినా ముందు అదే వస్తుంది. వచ్చాక ఆ మాట విని నేనే అదిరిపోయాను. దేనికి స్తోత్రం? చేతిలోంచి బ్రష్షు జారి బకెట్టులో పడింది. సున్నం చీర మీద చిందింది, కాలి మీద చిందింది. చల్లగా ఉంది. ఆ చల్లదనం తెలుస్తోంది కాబట్టి నేను బతికే ఉన్నాను అని అనుకోవడం గుర్తుంది. ఎవరి పేరైనా చదివితే అది కుట్టాలా విప్పాలా అని చూడటమే నాకు తెలిసిన పని. రాతి మీద పేరు ఎలా విప్పుతారో నాకు ఎవరూ నేర్పలేదు.

"ఎవరమ్మా నువ్వు? వాళ్ళకేమవుతావు?"

పక్క సమాధి మీద బంతిపూలు పరుస్తున్న ముసలావిడ అడిగింది. నడుము వంగిపోయినా గొంతు గుర్తుపట్టాను. గుళ్ళో చాపలు పరిచే పెద్దమ్మ. నన్ను గిచ్చినావిడ.

"దూరపు చుట్టాన్నండీ" అన్నాను. "ఈ సమాధి ఎవరిదండీ?"

"పెద్దోడిదమ్మా. బొంబాయిలో రైలు కింద పడి పోయాడంట. శవం కూడా రాలా. వాళ్ళ నాన్న వెళ్ళొచ్చి చెప్పాడు. ఆదరణ కూడిక పెట్టి సంఘానికంతా భోజనాలు పెట్టాడు. వంకాయ కూరలో కారం ఎక్కువైంది, అయినా ఏడుస్తా తిన్నాం. మేమంతా గుండెలు బాదుకుంటుంటే వాళ్ళమ్మ పెరట్లో గ్లాసులు కడుగుతా కూర్చుంది. కంట్లో నీటిచుక్క లేదు. రాతిగుండె అనుకున్నాం."

నేను రాయిని పట్టుకున్నాను.

"ఇంకో వింత చెప్పనా? పండక్కి అందరి సమాధులకీ కొవ్వొత్తులు పెట్టేది గానీ దీనికి పెట్టేది కాదు. ఒక్క ఏడు కూడా పెట్టలా. 'అదేంటే, కన్నకొడుకు గదే' అన్నామా, 'బతికున్నోళ్ళకి పెట్టకూడదు' అనేది. మతి చలించిందనుకున్నాం. ఆ తర్వాతేమో కృతజ్ఞత కానుకలు మొదలుపెట్టింది."

"ఏం కానుకలండీ?"

"గుళ్ళో చదువుతారు గదమ్మా. పెళ్ళిరోజనీ పుట్టినరోజనీ ఫలానావాళ్ళు దేవుడికి కృతజ్ఞతగా కానుక ఇచ్చారని. ఈవిడ ఏటా ఒక కవరు ఇచ్చేది. సంఘ పెద్ద లేచి మైకులో చదివేవాడు, 'ఒక తల్లి, తన కుమార్తె పుట్టినరోజు నిమిత్తం' అని. ఇద్దరూ మగపిల్లలేనాయె! అందరం వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. వాళ్ళాయనేమో మగవాళ్ళ వైపు కూర్చుని పాటల పుస్తకం తిరగేసేవాడు, తలెత్తేవాడు కాదు. 'నీకు కూతురెక్కడ్నించి ఊడిపడిందే' అని నేనే అడిగా. 'దేవుడిచ్చాడు లేవే, ఆలస్యంగా ఇచ్చాడు' అంది. హాస్టల్లో ఎవరో అనాథపిల్లని చదివిస్తుందేమోలే అనుకున్నాం. ఇదిగో, నీ చీరంతా సున్నమైపోయింది చూసుకో. అదేంటి, ఆ సీసాలో ఏంటమ్మా?"

"గంజండీ."

"సున్నంలోకా?"

"అవునండీ. అంటకుండా ఉంటుందని."

ఆవిడ చేతిలో పూలు అలాగే ఉన్నాయి. బకెట్టులోకి వంగి చూసింది, వేలు ముంచి చూసింది, నీలిరంగు చూసింది. తర్వాత నా మొహం చూసింది. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ ఊళ్ళో సున్నంలో గంజి పోసేది ఆవిడొక్కతే" అంది నెమ్మదిగా. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని గిచ్చింది. ఆనాటి గిచ్చుడే, అంతే గట్టిగా. "నువ్వా? నువ్వేనా?"

తల ఊపాను.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ!" అని అక్కడే సమాధి అరుగు మీద కూలబడిపోయింది. "నీ కోసం ఎంత ఏడిచానే నేను! మూడు రోజులు అన్నం సయించలేదే నాకు, నిన్ను గిచ్చి పంపించానని!"

అప్పుడే తమ్ముడు, మరదలు వచ్చారు. మరదలి చేతిలో చాప, పూల సంచీ. తమ్ముడి చేతిలో బ్రష్షు, నల్లరంగు డబ్బా. నన్ను చూసి వాడు దారి మధ్యలో ఆగిపోయాడు. నా కళ్ళు వాడి మొహం మీద కన్నా ఆ డబ్బా మీదే నిలిచిపోయాయి.

"రావద్దన్నానుగా" అన్నాడు.

"అమ్మకి సున్నం వేద్దామని" అన్నాను.

"ఏరా అబ్బాయ్" అంది పెద్దమ్మ లేవకుండానే. "ఈ రాయి కింద ఎవరున్నార్రా?"

"మీరు ఊరుకోండి పెద్దమ్మా."

"ఊరుకోడానికా మీ ఇంట్లో కారం కూర తిన్నది? బతికున్న మనిషి కోసం ఏడిపించారు గదరా! నా ఏడుపు నాకిచ్చెయ్ ముందు."

"అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా. నాన్న చేశాడు. నన్నేం చెయ్యమంటారు?"

"మరి మీ నాన్న పోయాకైనా తీసెయ్యొచ్చుగా?"

"తీసేసి ఏమని చెప్పను? చచ్చిపోయినోడు లేచాడని చెప్పనా?"

"ఈస్టరుకి గుళ్ళో ఏటా మనం చెప్పేదేంటిరా మరి?"

పక్కన గడ్డి పీకుతున్న ఇద్దరు ఫక్కున నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. వాడికి జుట్టు అంతా నెరిసిపోయిందని అప్పుడు చూశాను.

"నువ్వెళ్ళిపోయావు" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "మాటలు పడింది మేము. నాన్న అబద్ధం చెప్పొచ్చాక, కనీసం ఆ మాటలు ఆగినయ్. అది నిజం. ఆగినయ్. ఆ తర్వాత ఏటా ఈ రంగు నాచేతే వేయించాడు. నీకు ఫోను చేసి బాగున్నావా అని అడగడం, ఇక్కడికొచ్చి నీ పేరు దిద్దడం. ఎట్టా ఉంటదో నీకు తెలుసా?"

నాకు తెలియదు. వాడి మీద కోపం రావాల్సింది. రాలేదు, అంత విస్తుపోయి ఉన్నాను. వాడు కూడా ఏటా ఈ రాయి ముందు ఒంటరిగా వంగి కూర్చున్నాడని నా ఊహకి కూడా ఎప్పుడూ రాలేదు.

"దీని కింద ఏముంది?" అని అడిగాను.

"ఏం లేదు. నాన్న నీ చొక్కా ఒకటి రేకుపెట్టెలో పెట్టి పూడ్చాడు. నీలం గళ్ళది."

ఆ చొక్కా నాకు గుర్తుంది. మెడ దగ్గర బిగుతు. వేసుకున్నప్పుడల్లా ఎప్పుడు విప్పుతానా అని చూసేదాన్ని. నాన్న ఏడుస్తూ పూడ్చాడో, కోపంతో పూడ్చాడో తెలియదు. చొక్కాను పూడ్చినందుకు మాత్రం నాకు బాధ లేదు. నిజానికి అది పోవాల్సిందే. అడగాల్సింది ఇంకొకటి ఉంది. వేల మైళ్ళ దూరం నుంచి దాని కోసమే వచ్చాను.

"అయితే చోటు ఖాళీయే కదా" అన్నాను. "నాకివ్వరా. నేను పోయాక. అమ్మ పక్కనే ఉంది."

వాడు డబ్బా వంక చూస్తూ నిలబడ్డాడు. మరదలే ముందుకొచ్చింది. ఆమెను నేను ఫొటోల్లో తప్ప చూడలేదు. వేపచెట్టు నీడలో చాప పరిచి, "వదినగారూ, ఎండలో ఎంతసేపు నిలబడతారు? వచ్చి కూర్చోండి. మంచినీళ్ళు తాగుదురుగానీ" అంది.

వదిన. మొగుడి అక్కని పిలిచే పిలుపు. ఊళ్ళో ప్రతి ఇంట్లో వినిపించే మాట. నన్ను ఆ మాటతో ఎవరైనా పిలవడం అదే మొదలు. వెళ్ళి కూర్చున్నాను. మంచినీళ్ళ సీసా నా చేతికి ఇచ్చి, తన కొంగుతో నా కాలి మీది సున్నం తుడిచింది. వద్దన్నా వినలేదు.

తమ్ముడు అమ్మ సమాధికీ నాన్న సమాధికీ అక్షరాలు దిద్దాడు. తర్వాత నా రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. నల్లరంగు డబ్బా పక్కన పెట్టి, నా బకెట్టు దగ్గరికి లాక్కున్నాడు. గంజి సున్నం చిక్కగా ముంచి, నా పేరు మీద ఒక పూత వేశాడు. ఆరనిచ్చి ఇంకో పూత వేశాడు. చెక్కిన అక్షరాలు అంత తొందరగా పోవు, గుంటలు కనిపిస్తూనే ఉన్నాయి. మూడో పూత నేను వెళ్ళి వేశాను. ఇద్దరం ఒకే బకెట్టులో ముంచుతూ, ఒకరి మొహం ఒకరం చూడకుండా వేశాం.

సాయంత్రం తోటంతా కొవ్వొత్తులే. పాస్టరు అయ్యగారు ఒక్కో కుటుంబం దగ్గర ఆగి, పోయినవాళ్ళ పేర్లు చదివి ప్రార్థన చేస్తూ వస్తున్నారు. ఆడవాళ్ళం చాప మీద ఉన్నాం. పక్కకి జరిగి నిలబడబోతే పెద్దమ్మ నా చెయ్యి పట్టి కిందికి లాగి, "ఇక్కడే కూర్చో, అటెక్కడికి పోతావ్" అని తల మీద కొంగు తనే సర్దింది. మరదలు అలవాటుకొద్దీ ఆ చిన్న సమాధి మీద కూడా ఒక కొవ్వొత్తి వెలిగించింది. పెద్దమ్మ వంగి ఉఫ్ అని ఊదేసింది. "బతికున్నోళ్ళకి పెట్టకూడదే" అంది.

అయ్యగారు మా దగ్గరికొచ్చారు. కొత్తాయన. కాగితం చూసి, "మీకు నలుగురు కదండీ" అన్నారు. తాతయ్య, నాన్న, అమ్మ, నేను.

నేను తమ్ముడి వైపు చూశాను.

"ముగ్గురేనండీ" అన్నాడు తమ్ముడు.

"ఇందులో నలుగురు..."

"తప్పు పడిందండీ. ముగ్గురే."

ఆయన ప్రార్థన ఏం చేశారో నేను వినలేదు. అమ్మ గ్లాసులు కడుగుతూ కూర్చున్న పెరడు కనిపిస్తోంది. నాన్న తిరగేసిన పాటల పుస్తకం కనిపిస్తోంది. అందరూ ఆమెన్ అన్నాక లేవబోయి తూలి, ఆ చిన్న సమాధి మీదే కూలబడ్డాను.

"లేవే బాబూ!" అని అరిచింది పెద్దమ్మ. "నీ సమాధి మీద నువ్వే కూర్చుంటావేంటే! సున్నం ఆరలా, చీర పాడైపోద్ది!"

ఈసారి తమ్ముడు కూడా నవ్వాడు.

ఇంగ్లండుకి తిరిగి వచ్చేశాను. పింఛను ఇక్కడ, మందులు ఇక్కడ, ఇంకొన్నాళ్ళు ఇక్కడే. సున్నం మరక పోగొట్టడం నాకు తెలియనిది కాదు, జీవితమంతా చేసిన పని అదే. వెనిగర్ నీళ్ళలో నానబెడితే పోతుంది. ఆ చీర మాత్రం ఇంకా అలాగే మడతపెట్టి ఉంచాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జల్లుమంటుంది. స్తోత్రం కూడా చెప్పుకుంటాను. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి రావు, కలిసే వస్తాయి.

విమానం రోజున లాడ్జి దాకా వచ్చింది తమ్ముడే. సామాను ఆటోలో పెట్టాడు. అక్కా అనలేదు. ఇప్పటిదాకా అనలేదు. ఆటో కదలబోతుంటే లోపలికి వంగి, "ఆ చోటు..." అని ఆగాడు. వెనక బస్సు హారను కొడుతోంది.

"ఎక్కడికీ పోదులే" అన్నాడు. "తొందరేం లేదు. నిదానంగా రా."